వెడల్పు కోసం ఒక రాత్రి

లాగ్ ఫైలులో ప్రతి వరుసా సగంలో విరిగిపోతోందని, స్క్రిప్టు నుంచి నానో ఎడిటర్‌ను తెరిచే ఎక్స్‌టర్మ్ (టెర్మినల్) విండోకు 132 అక్షరాల వెడల్పు ఇవ్వబోయాను. మామూలుగా ఉండే 80 అక్షరాల వెడల్పు కూడా పోయింది! విండో తళుక్కుమని మెరిసి మాయం. అంకెలు మూడుసార్లు సరిచూశాను. గంటకు పైగా తల పట్టుకున్నాక తెలిసింది, తప్పు అంకెల్లో కాదు, వాటిని రాసిన చోటులో ఉందని. ఎక్స్‌టర్మ్‌కు, లోపల ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే ‘ఇ’ (-e) ఆప్షన్ అన్నిటికన్నా చివర రావాలి. దాని తరువాత ఏం రాసినా ఎడిటర్‌కే చేరుతుంది. నేను విండో కొలతలు చెప్పే జామెట్రీ ఆప్షన్‌ను దాని వెనుక తగిలించాను. పాపం నానో, అర్థంకాని మాట విని తలుపేసుకుంది. మాన్యువల్‌లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే.

ఇంతకీ ఆ 80 అనేది 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు (రంధ్రాలతో సమాచారం దాచే అట్టముక్క) లెక్క. కార్డులు ఎప్పుడో అటకెక్కాయి, లెక్క మాత్రం దిగలేదు.