స్టీరింగ్‌లో పట్టు ఎక్కడ పోతుంది

పరాయి దేశానికి ఉద్యోగానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదట కొనేది పాత కారే. షిఫ్టు తెల్లవారకముందే మొదలవుతుంది, ఆ వేళకు బస్సులుండవు. కారు కదిలితేనే జీతం. నేను ఇక్కడ ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. అలాంటి కార్లు తెచ్చేవాళ్ల నోట తరచుగా వినే మాట ఒకటుంది: “ఇంజిన్ బాగుంది, కానీ హైవే మీద బండి తిన్నగా పోదు. స్టీరింగ్ సర్దుతూనే ఉండాలి.” అప్పటికే కొత్త టైర్లు వేయించి ఉంటారు. నాకు బాధ కలిగేది అక్కడే. కష్టపడి కూడబెట్టిన ఆ డబ్బులో కొంత ముందు చక్రాల బుష్‌ల (ఇనుప భాగాలు కలిసే చోట అదురు తీసుకునే రబ్బరు ముక్కలు) మీద పెట్టి ఉంటే పాత టైర్లు అంత తొందరగా అరిగేవే కావు.

చాలా చిన్న కార్లలో ముందు చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. దానికి బండి వైపు రెండు రబ్బరు బుష్‌లు, చక్రం వైపు ఒక బాల్ జాయింట్ (అన్ని వైపులా తిరిగే గుండు కీలు) ఉంటాయి. నేను ముందుగా చూసేది వెనక బుష్‌ని. బ్రేకు నొక్కగానే చక్రం వెనక్కి జరగబోతుంది, ఆ తోపును ఎక్కువగా కాచుకునేది అదే. సన్నని ఇనుప బార్ పెట్టి ఆర్మ్‌ని కొంచెం ఎత్తితే, అరిగిన బుష్‌లో పగుళ్లు నోరు తెరుస్తాయి. మధ్యలో ఉండాల్సిన ఇనుప గొట్టం ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. ఆ కాస్త ఖాళీ చాలు, చేతులు కదలకపోయినా చక్రం తన దిశ మార్చుకుంటుంది. ఇది నెలల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు.

చక్రాన్ని గాలిలోకి లేపి రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీలు, సంగతి తెలుస్తుంది. కంటికి కనబడని లూజు కూడా జాయింట్ మీద అరచేయి ఆనిస్తే టక్కుమని తగులుతుంది. పైనా కిందా పట్టి ఊపినప్పుడు కదలిక ఉంటే అది బాల్ జాయింట్‌దైనా కావచ్చు, చక్రం బేరింగ్‌దైనా కావచ్చు. ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి, కదలిక ఆగిపోతే బేరింగ్‌దే. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్తంభం) పైన ఉండే బేరింగ్‌ని కూడా చూడాలి.

మార్చేటప్పుడు రబ్బరు బదులు పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ రకం బుష్‌లు వేయమని అడిగేవాళ్లున్నారు. అవి గట్టివి, స్టీరింగ్ వెంటనే స్పందిస్తుంది, నిజమే. అయితే రోడ్డు అదురు లోపలికి వస్తుంది, సరైన గ్రీజు లేకపోతే కిచకిచలాడతాయి. పది గంటలు నిలబడి పని చేసి అలసిపోయి ఇంటికి వెళ్లే మనిషికి నేను మంచి రకం రబ్బరే చెబుతాను. అదే మోడల్‌లో బరువైన బండికి వచ్చే గట్టి రబ్బరు బుష్ సరిపోతే ఇంకా మేలు.

బిగించే పద్ధతి మీద నాకు పట్టుదల ఎక్కువ. రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలితిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి నేల మీదికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. ఇక్కడ ఒక్కో పనికి ఇంత సమయమని లెక్క కట్టి ఉంటుంది. నెమ్మదిగా చేస్తాడన్న పేరు రాకూడదని కొత్తగా వచ్చినవాళ్లు ఈ మెట్టు దాటేస్తుంటారు. మా ఫోర్‌మన్ మాత్రం “బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు” అంటారు. నా కింద నేర్చుకునే కుర్రవాళ్లకూ నేను అదే చెబుతాను.

చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దానివల్ల బోల్టులు తుప్పుపట్టి గొట్టంలోనే ఇరుక్కుంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి, కొత్త బోల్టులు సిద్ధంగా పెట్టుకోవాలి.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, తప్పనిసరి. టై రాడ్ ఎండ్ మారిస్తే టో కొలత (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) మారి తీరుతుంది. పనికి ముందు కొలతలు, తర్వాతి కొలతలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

ఈ నెల అన్నిటికీ డబ్బు చాలకపోతే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్‌లు ముందు మార్పించండి. అవి ఊడితే చక్రం చేతిలో ఉండదు. బుష్‌లు ఆ తర్వాత, రెండు పక్కలా ఒకేసారి. గతుకుల మీద టకటకలాడే స్టెబిలైజర్ లింకులు (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీని కలిపే చిన్న ముక్కలు) వచ్చే జీతం దాకా ఆగగలవు.