వరంగల్ సీటు వదులుకుని జగిత్యాలకు వెళ్లడం

2019 జూలైలో నా ముందు రెండు సీట్లు ఉన్నాయి, రెండింటిలోనూ బ్రాంచి ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ (ఈఈఈ). ఒకటి ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో వరంగల్ ఎన్ఐటీలో, సొంత రాష్ట్రం వాళ్లకు కేటాయించే హోం స్టేట్ కోటా చివరి ర్యాంకులకు దగ్గరగా దొరికినది. రెండోది ఎంసెట్ ద్వారా కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్టీయూ జగిత్యాల కాలేజీలో, ఆ బ్యాచ్‌లో ముందు వరుసలో నిలబడగల ర్యాంకుతో వచ్చినది. మాది కరీంనగర్. ఇంటి పరిస్థితుల వల్ల హైదరాబాద్ కాలేజీలను మొదటే పక్కన పెట్టాం.

ఎన్ఐటీలో సెమిస్టరుకు 62,500 రూపాయల ట్యూషన్ ఫీజు అయినా, కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతులు మినహాయిస్తారు కాబట్టి డబ్బు మా నిర్ణయాన్ని శాసించలేదు. 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన ఆ సంస్థ పేరు మా జిల్లాలో ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. మామయ్యకైతే ఇందులో ఆలోచించవలసిందే కనిపించలేదు. నేను ఫ్లోట్ (వచ్చిన సీటు ఉంచుకుంటూనే తర్వాతి రౌండ్లలో పై ఆప్షన్ కోసం చూడటం) ఎంచుకుని, సీటు అంగీకార రుసుము కట్టి, గడువు దాకా సమయం తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన సారును కలిశాను. ఆయన ఏ కాలేజీ మంచిదో చెప్పకుండా, "బిడ్డా, నీ ముందు పదిమంది ఉన్నప్పుడు బాగా చదివినవా, నీ వెనుక పదిమంది ఉన్నప్పుడా?" అని అడిగారు. జవాబు నా ఇంటర్ రెండేళ్లలోనే ఉంది. మా జూనియర్ కాలేజీలో వారాంతపు పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. పై సెక్షన్‌కు వెళ్లిన ప్రతిసారీ నేను సందేహం అడగడం మానేసేదాన్ని, తెలియనిది తెలిసినట్టు తల ఊపేదాన్ని, నెల తిరగకుండా కిందికి వచ్చేదాన్ని. రెండో సెక్షన్‌లో ఉన్నప్పుడు మాత్రం స్టడీ అవర్‌లో నలుగురికి భౌతికశాస్త్రం లెక్కలు వివరిస్తూ, వివరించడం కోసమే అధ్యాయాన్ని మళ్లీ మొదటినుంచి చదివేదాన్ని. నా మంచి మార్కులన్నీ అప్పుడు వచ్చినవే. ఇది గొప్ప గుణమని నేను అనను, కానీ పదిహేడేళ్ల వయసులో నా స్వభావం అదే.

చివరి రౌండుకు ముందు విత్‌డ్రా చేసుకుంటే ప్రాసెసింగ్ ఛార్జీ పోను రుసుము తిరిగి ఇస్తారు. గడువుకు ఒకరోజు ముందు అదే చేశాను. నాన్న ఒప్పుకున్నారు కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు, అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

జగిత్యాలలో నేను కోల్పోయినవి చిన్నవి కావు. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీలు తక్కువ, పెద్ద సంస్థల్లో మాట సాయం చేయగల సీనియర్లు ఇంకా తక్కువ. కరోనా వల్ల ఏడాదికి పైగా ల్యాబులే లేవు. అయితే తిరిగి తెరిచాక మెషీన్స్ ల్యాబులో నాకు కావలసినంత సేపు పనిచేయనిచ్చారు, జూనియర్లకు ట్యుటోరియల్ చెప్పే అవకాశం ఇచ్చారు, ప్రాజెక్టు విషయంలో మా మేడమ్ వారం వారం గంటసేపు నాతో కూర్చున్నారు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో మొదటిసారి రాని ర్యాంకు రెండోసారి వచ్చింది, దానితోనే ఎంటెక్‌లో చేరాను.

ఈ ఏడాది తమ్ముడి వంతు వచ్చింది. నన్ను చూసి వాడూ జగిత్యాలకే వెళ్తానన్నాడు. వాడి ఇంటర్ మార్కుల కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. పై సెక్షన్‌కు వెళ్లిన ప్రతిసారీ వాడి మార్కులు పెరిగాయి. జోసా ఆప్షన్లలో వరంగల్‌ను మొదట పెట్టాం.