గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా వేస్తామంటే

ఎచ్చెర్ల అయినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్ అయినా, గోడౌన్‌లో నాలుగేళ్లు పికింగూ లోడింగూ చేసినవాణ్ణి ఓ రోజు ఆఫీసులోకి పిలిచి ‘వచ్చే నెల నుంచి నువ్వే సూపర్‌వైజర్’ అంటారు. ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లే ముందు కాగితం, పెన్ను పట్టుకోండి.

ఇప్పుడు జీతం 16,000 అనుకుందాం. 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. గంటకు 77 రూపాయలు పడుతుంది. ఓటీకి (ఓవర్‌టైమ్‌కి) డబుల్ కట్టే చోట గంటకు 154. నెలకు 30 గంటల ఓటీ చేస్తే 4,600 పైన, అంటే కోతలకు ముందు 20,600. సూపర్‌వైజర్‌కి 21,500 ఇస్తే పెరిగింది 900. ఓటీ ఎలాగూ ఉండదు. షిఫ్టు దిగాక క్లోజింగ్ స్టాకు, రేపటి రోస్టరు, ఆఖరి లారీ సీలు నంబరు చూసుకునేసరికి రోజూ ఓ గంట అదనం. 30 గంటల ఓటీ పోయి నెలకు 26 గంటల అదనం వచ్చింది, అంటే దాదాపు అంతే పనికి పెరిగేది ఆ 900 అన్నమాట.

ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, దాని సంగతి చాలామంది చూడరు. దానికి జీతం పరిమితి నెలకు 21,000. ఆ పరిమితి చూసేటప్పుడు ఓటీని కలపరు కాబట్టి ఇప్పుడు మీరు లోపలే ఉన్నారు, 21,500 జీతంతో బయటికి పోతారు. మీ కోత 0.75 శాతమే, దానికి ఇంటిల్లిపాదికీ వైద్యం. ఇక్కడ తేదీ ముఖ్యం. చందా కాలాలు రెండు: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. కాలం మధ్యలో జీతం పెరిగితే అది ముగిసేదాకా చందా కొనసాగుతుంది. అక్టోబరు 1 నుంచి పెంచితే అప్పుడే ఆగిపోతుంది. నవంబరు 1 నుంచైతే మార్చి దాకా నడుస్తుంది, దాని ప్రయోజనం జూలై–డిసెంబరులో అందుతుంది. ఇంట్లో బీపీ, షుగరు మందులు వాడేవాళ్లుంటే ఒక్క నెల ఆగమని అడగడంలో తప్పులేదు.

ఇక మనుషులు. నిన్నటిదాకా ఒకే క్యారేజీలో తిన్నవాళ్లు ‘ఏటి బావా, ఇక సారనాలా?’ అంటారు. అది రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోనిది సెలవుల గొడవ. విజయనగరంలో దసరా దాటాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దీపావళి సరుకు లారీలు బారులు తీరేదీ అప్పుడే. సరుకు ఎత్తి దించే కళాసీలందరూ సిరిమాను రోజే సెలవడుగుతారు. కళాసీలు కాంట్రాక్టరు మనుషులైతే వాళ్ల రేటూ మస్టరూ మీ చేతిలో ఉండవు, లారీ ఆలస్యమైతే తిట్లు మాత్రం మీకే. మనిషి తక్కువైన రోజు అదనపు కూలీని పిలిచే అధికారం ఎవరిదో ముందే అడగండి.

అన్నిటికన్నా పెద్దది చార్జి తీసుకోవడం. పాత సూపర్‌వైజర్ ఇచ్చిన స్టాకు షీటుమీద సంతకం పెడితే పాత తరుగు కూడా మీ నెత్తికే. కనీసం రెండు రోజులు అడిగి, ఖరీదైన సరుకంతా పీసులవారీగా లెక్కపెట్టండి. మిగతాది అట్టపెట్టెల లెక్కన చాలు. పెట్టె చూడగానే నిండుగానే ఉంటుంది. టేపు అంచు గోరుతో లేపండి, కింద ఇంకో టేపు తగిలితే అది ఒకసారి తెరిచినదే. పక్కన తెరవని పెట్టెతో పాటు కాటామీద పెట్టండి: 200 గ్రాముల పీసులు 24 ఉండాల్సిన చోట 22 ఉంటే 400 గ్రాములు తేడా కొడుతుంది. తుఫాన్ల కాలంలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో అయితే కింది వరస పెట్టెల అడుగు తప్పకుండా తడిమి చూడాలి. రేకుల నుంచి కారిన నీళ్లు ప్యాలెట్ కిందికే చేరతాయి, పై నుంచి చూస్తే ఏమీ కనబడదు.

తేలిన తేడాను ఐటమ్ వారీగా రాసి, పాత మనిషి చేతా మేనేజరు చేతా సంతకం పెట్టించి, ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. మీ సంతకం కింద ‘లెక్కించిన మేరకు’ అని తేదీతో రాయండి. సీసీ కెమెరా లేని మూల, తాళాలు ఎన్ని జతలు, అవి ఎవరెవరి దగ్గర ఉన్నాయి అన్నది కూడా అదే కాగితంలో చేర్చండి.