బాడవలో పూసిన పెరటి పూలు

స్టేషన్ నుంచి నాలుగు మైళ్ళ దారికి ట్యాక్సీ అతను ముప్ఫై రెండు డాలర్లు తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంటి దగ్గర బయలుదేరి రెండుచోట్ల రైలు మారి వచ్చిన టికెట్టు ఖర్చు కూడా అంత కాలేదు. మనవరాలికి బడి సెలవులు. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్ళిపోతారు. మూడు నెలలుగా మాల్స్, గుళ్ళు, స్నేహితుల ఇళ్ళు తిరిగి తిరిగి నాకు విసుగు పుట్టింది. నీళ్ళు, చెట్లు ఉన్న చోటికి వెళ్దామని పాపే మ్యాపులో వెతికి గ్రేట్ స్వాంప్ అనే బాడవ, అంటే చిత్తడి నేల, పేరు చెప్పింది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. ముప్ఫై రెండు డాలర్ల బాధ దిగాక కూడా కాసేపు పోలేదు. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదని తెలిసి కొంత ఊరట కలిగింది.

టైమ్స్ స్క్వేర్‌కు పడమరగా పాతిక మైళ్ళ పైచిలుకు దూరం అంతే. అయినా చెక్కవంతెన మీద పది అడుగులు వేసేసరికి కార్ల మోత తగ్గి కప్పల అరుపు మొదలైంది. గోటంత ఉంటాయట ఆ కప్పలు, అరుపు మాత్రం వెయ్యి గజ్జెలు ఒక్కసారి కదిలించినట్టుంది. ఏప్రిల్ రెండో వారం, చెట్లు ఇంకా చిగురించలేదు. ఎర్ర మేపుల్ కొమ్మలకు మాత్రం కుంకుమ రంగు పూత వచ్చింది. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మొదళ్ళు, ఎండిన జమ్ము, దాని వెనక ఆనుకుని నిటారుగా కిక్కిస. అవును, మన కిక్కిసకు దగ్గర చుట్టమే. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడిని, ఆ కంకిని ఎక్కడున్నా పోల్చుకుంటాను. మా ఊళ్ళో దాంతో తడికలు అల్లేవాళ్ళం. ఇక్కడ అది ఇతర మొక్కలను బతకనివ్వని శత్రువట, ఏటా నరికి తగ్గిస్తారట.

ఆ మాట చెప్పినది అక్కడి స్వచ్ఛంద సేవకుడు. డెబ్బై అయిదేళ్ళ పైనే ఉంటాయి. తలమీద నలిగిన టోపీ, మెడలో బైనాక్యులర్లు. నేను కిక్కిస కంకిని చేత్తో పట్టుకుని చూస్తుంటే దగ్గరికి వచ్చి, మీ ఊళ్ళోనూ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. మాది కూడా పెద్ద సరస్సనీ, గూడబాతులు వస్తాయనీ చెప్పాను. ఆ తర్వాత రెండు గంటలు ఆయన మమ్మల్ని వదల్లేదు. ఆ రోజంతా నాకు గుర్తున్నది ఆ రెండు గంటలే.

1959 డిసెంబరులో ఈ బాడవనంతా పూడ్చి జెట్ విమానాశ్రయం కట్టాలని న్యూయార్క్ పోర్ట్ అథారిటీ ప్రతిపాదించింది. పది వేల ఎకరాలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సభలు పెట్టి, చందాలు పోగుచేసి, పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టారు. మార్సెలస్ హార్ట్‌లీ డాడ్జ్ వంటి ధనికులు పెద్ద చెయ్యి వేశారు. హెలెన్ ఫెన్‌స్కీ అనే గృహిణి ఉద్యమానికి ముందు నిలిచింది. ఇప్పుడు సందర్శకుల కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. ఆ డబ్బుతో దాదాపు మూడు వేల ఎకరాలు కొని ప్రభుత్వ భూములు, వన్యప్రాణులు చూసుకునే అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖకు దానమిచ్చారు. 1960 నవంబరు 3న వన్యప్రాణి శరణాలయం ఏర్పడింది. మా అమ్మ కూడా కవర్లు అంటించేది, వంటింటి బల్ల నిండా ఉత్తరాలే ఉండేవి, నాకు అన్నం పెట్టడానికి చోటుండేది కాదు అన్నాడు పెద్దాయన.

లెక్క వేసుకున్నాను, ఎకరం సగటున మూడు వందల డాలర్ల పైచిలుకు. అంతకు రెండున్నర శతాబ్దాల ముందు, 1708లో, ఈ బాడవ కలిసిన ముప్ఫై వేల ఎకరాలను ఇక్కడి ఆదివాసులు ఇంగ్లీషు వ్యాపారులకు అమ్మారు. ఒక పీపా రమ్ము, పదిహేను కెటిళ్ళు, నాలుగు పిస్తోళ్ళు, నాలుగు కత్తులు, మరికొన్ని వస్తువులు, పైన ముప్ఫై పౌండ్లు. ఆ వెల విన్నప్పుడు మనవరాలు పెద్దాయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు దించుకున్నాడు.

కొనడంతో పని అయిపోయిందనుకోవడం పొరపాటని నడుస్తున్నకొద్దీ అర్థమైంది. పాత రైతులు చెట్లు నరికి, కాలువలు తవ్వి, నీళ్ళు పారదోలి, గడ్డి కోసుకున్న నేల ఇది. సేద్యం గిట్టుబాటు కాక వదిలేసినా కాలువలు నీటిని లాగుతూనే ఉండేవి. వాటిని మూసి, గట్లు వేసి, తూములు పెట్టి నీటిని మళ్ళీ నిలబెట్టారు. ఒక గట్టు మీద తూము చూపించాడు పెద్దాయన. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కాంక్రీటు పెట్టె, దాని రెండు గోడల్లో గాడి, ఆ గాడిలోకి ఒకదాని మీద ఒకటి దించిన చెక్క పలకలు. మా నాన్న పొలం తూము దగ్గర పలక ఎత్తేటప్పుడు ముందు చెయ్యి నీళ్ళలో పెట్టి ఉరవడి చూసుకునేవాడు. ఇక్కడ కూడా ఒక్క పలక తీస్తే నీటిమట్టం కొన్ని అంగుళాలే దిగుతుంది. ఎండాకాలంలో కాస్త దించితే బురద బయటపడి గింజ గడ్డి మొలుస్తుంది. ఆకురాలు కాలంలో తిరిగి నింపితే బాతులు ఆ గింజల మీద వాలతాయి. పలక ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే మనిషి ఏడాది పొడుగునా ఇక్కడ ఉంటాడు.

నీళ్ళలో పాతిన గుంజ మీద చెక్కపెట్టె, దాని కింద గొడుగులా తగరపు రేకు. రాకూన్లు, పాములు పైకి ఎక్కకుండా ఆ రేకు. వుడ్ డక్ అనే బాతు చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పెద్ద చెట్లన్నీ నరికేశాక తొర్రలు లేవు. కొత్త చెట్టుకు తొర్ర పడేంత వయసు రావడానికి మనిషి ఆయుష్షు చాలదు. అందాకా ఈ పెట్టెలు. పిల్లలు పుట్టిన మర్నాడే ఆ రంధ్రంలోంచి నీళ్ళలోకి దూకేస్తాయట. పాప చాలాసేపు అక్కడే నిలబడింది. ఏవీ దూకలేదు. ఇంకా గుడ్ల కాలమే.

తర్వాత తూర్పు సగానికి తీసుకెళ్ళాడు. అక్కడ తూములు, పెట్టెలు ఏమీ లేవు. 1968లో అమెరికా కాంగ్రెస్ ఆ సగాన్ని చట్టపరంగా నిర్జన వనంగా ప్రకటించింది. అంతర్గత వ్యవహారాల శాఖ భూముల్లో అలా ప్రకటించిన మొదటిది ఇదే. మోటారు బండి రాకూడదు. పడ్డ చెట్టు పడ్డచోటే ఉంటుంది. ఓక్, బీచ్ చెట్ల మధ్య తడి ఆకుల మీద నడుస్తుంటే పాప ఒక్కసారిగా ఆగిపోయింది.

"తాతయ్యా, ఇక్కడ ఎవరైనా పూలు నాటారా?"

అడవి నడుమ, ఏ ఆనవాలూ లేని చోట, పసుపు పచ్చని డాఫొడిల్ పూలు. ఒక తిన్నని వరస, దాని చివర మరో వరస అడ్డంగా తిరిగింది. అడవిలో పూలు వరసల్లో పూయవు. పెద్దాయన కర్రతో నేల మీద చూపించాడు. ఇది వీధి వైపు, ఇది మూల, ఇక్కడ మెట్లు ఉండి ఉంటాయి. ఒకప్పుడు ఈ అడవిలో ఇళ్ళు ఉండేవి, రోడ్డు ఉండేది. ఒక్కొక్కటే వెల కట్టి కొని, పడగొట్టి, పునాదులు తీసి, రోడ్డు తవ్వేసి అడవికి అప్పజెప్పారు. శరణాలయానికి భూమి అమ్మేవాళ్ళలో కొందరు డబ్బు తీసుకుని, బతికినన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉండే హక్కు రాయించుకునేవారట. ఏ ఇల్లాలో గుమ్మం ముందు నాటిన దుంపలు మాత్రం ఎవరికీ కనబడలేదు. ఏటా ఏప్రిల్‌లో ఆ ఇంటి కొలతలు చూపిస్తున్నాయి.

అక్కడే కూర్చుండిపోయాను. మాది లంక గ్రామం. కొల్లేట్లో అయిదో కాంటూరు లోపల, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపల, మా నాన్నకు రెండెకరాల సొంత పట్టా భూమి, జిరాయితీ ఉండేది. 1999లో దాన్ని అభయారణ్యంలో కలిపారని చాలా ఏళ్ళు మాకు సరిగా తెలియదు కూడా. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు పేల్చిన రోజున నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ పని తప్పని నేను ఎన్నడూ అనలేదు. సరస్సు చెరువులకింద పోయింది, బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు పొంగి వస్తే ఉప్పుటేరుకు దారి లేక ఊళ్ళమీద పడేవి. కానీ పేలుడు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. గట్టు పోయినచోట ఏమి నాటాలో, నీళ్ళు ఎంత ఉండాలో, భూమి పోయినవాడికి ఎంత ఇవ్వాలో చూడడానికి మా ఊళ్ళో ఒక్క మనిషి మిగల్లేదు. పరిహారం మాట మాటగానే ఉండిపోయింది. ఆ కోపంతోనే చాలామంది రాత్రిళ్ళు గట్లు తిరిగి పోశారు. నాన్న పోయలేదు, పట్టా కాగితం మడిచి పెట్టెలో దాచాడు, అంతే.

అక్కడినుంచే తమ్ముడికి ఫోను చేశాను. ఇంటి దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. అంతా విని వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎకరం ఎంతకు కొన్నారన్నయ్యా?" చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆటపాకలో ఈసారి గూడబాతులు బాగానే వచ్చాయి, ఇనప స్టాండ్ల మీద చోటు చాలక కొట్టుకుంటున్నాయి" అన్నాడు. చెట్లు లేక ఇనప స్టాండ్లు వేశారని పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. మా వుడ్ డక్ పెట్టెలూ అవే కదా అన్నాడు.

శరణాలయం మొదలైన మూడు వేల ఎకరాలు ఇప్పుడు ఏడువేల ఎనిమిది వందల దాకా పెరిగాయి. ఇంకా అక్కడక్కడా కొనాల్సినవి ఉన్నాయట. అంచున ఒక పాత చెత్త గుట్ట విషం కూడా శుభ్రం చేయవలసినదే. డబ్బు ఎక్కడినుంచి అని అడిగితే డక్ స్టాంపు కథ చెప్పాడు. 1934 నుంచి నీటిపక్షులను వేటాడే, పదహారేళ్ళు నిండిన ప్రతివాడూ ఏటా ఈ స్టాంపు కొనాలి. ఇప్పుడు ఇరవై అయిదు డాలర్లు. డాలరుకు తొంభై ఎనిమిది సెంట్లు దేశంలో ఇలాంటి చిత్తడి నేలలు కొనడానికి, కౌలుకు తీసుకోవడానికి పోతాయి. వేట ఆడనివాళ్ళూ కొనవచ్చు. వేటగాళ్ళ డబ్బుతో పక్షులకు చోటు కొంటున్నారన్నది మా ఊళ్ళో చెబితే నమ్మరు. నేనూ ఒక నిమిషం నమ్మలేదు.

తిరుగు ట్యాక్సీ మళ్ళీ ముప్ఫై రెండు డాలర్లు. మర్నాడు పాపను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి ఇరవై అయిదు పెట్టి స్టాంపు కొన్నాను. ఆల్బంలో అతికిస్తానని పాప చాలా అడిగింది. దానికి ఇంకొకటి కొనిచ్చాను. నాది సెప్టెంబరులో నాతోపాటు విమానం ఎక్కి వచ్చింది. నాన్న పెట్టెలో ఆ రెండెకరాల పట్టా కాగితం మడతలో పెట్టాను.