ట్యాంకులో చేప, మీటర్లో కర్బనం

డెల్టా కాలువలు కట్టేసే వేసవిలో భీమవరం, ఆకివీడు వైపు ఆర్‌ఏఎస్ ట్యాంకుల మాట, అంటే అదే నీటిని శుభ్రం చేసి తిప్పుతూ ట్యాంకుల్లో చేప పెంచే పద్ధతి మాట, ఎక్కువగా వినబడుతుంది. నరసాపురం, మొగల్తూరు పక్క బోరు వేస్తే ఉప్పునీరు. అలాంటి చోట ఉన్న నీళ్లనే వడకట్టి తిప్పి వాడుకోవచ్చంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు కూడా.

నేల, నీరు ఆదా అవుతాయి, సందేహం లేదు. గాలిలోకి పోయే కర్బనం తగ్గిందో లేదో తేల్చేది మాత్రం కరెంటు మీటరే. కిలో చేపకు 5 యూనిట్లు కాలాయనుకోండి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది కాబట్టి 3.5 కిలోలు అక్కడే తేలాయి. మేత లెక్క దీనికి అదనం.

ఎక్కువ మంది మొదట దెబ్బతినేది మోటారు దగ్గర. మొత్తం 100 ఘనపు మీటర్ల నీరు, గంటకోసారి పూర్తిగా తిరగాలి అనుకుందాం. నీటిని 2 మీటర్ల ఎత్తుకు లేపితే, మోటారు, పంపు కలిపి సగం సామర్థ్యంతో పనిచేసినా రోజుకు 26 యూనిట్లు చాలు. అదే ప్రెజర్ ఫిల్టర్ పెట్టి 6 మీటర్ల ఎత్తుకు సరిపడా నెట్టాలంటే 78 యూనిట్లు. రోజూ 52 యూనిట్ల తేడా, అంటే 36 కిలోల కార్బన్ డయాక్సైడ్. షాపువాడు ఇచ్చిన పెద్ద మోటారు తెచ్చి వాల్వు సగం మూసి నడపడం కంటే దండగ పని ఇంకోటి లేదు. మలినాలను వడకట్టే డ్రమ్ ఫిల్టర్, బ్యాక్టీరియాతో అమ్మోనియాను తొలగించే బయోఫిల్టర్ గదులను మెట్లు మెట్లుగా కట్టి, నీరు తనంతట తాను కిందికి దిగేలా చేసి, ఒక్కచోటే పైకి లేపాలి. సిమెంటు పోశాక లెవెలు మార్చడం కుదరదు.

తర్వాతది బయోఫిల్టర్. 3 టన్నుల చేపకు బరువులో 2 శాతం చొప్పున రోజుకు 60 కిలోల మేత. 32 శాతం ప్రోటీన్ మేత కిలోకు 30 గ్రాముల దాకా అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది, అంటే రోజుకు 1.8 కిలోలు. మీడియా (బ్యాక్టీరియా అంటుకుని పెరిగే ముక్కలు) ఒక్కో చదరపు మీటరు రోజుకు అర గ్రాము తింటుందని జాగ్రత్తగా వేసుకుంటే 3,600 చదరపు మీటర్లు కావాలి. ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్లు ఇచ్చే ప్లాస్టిక్ మీడియా అయితే 7 ఘనపు మీటర్ల పైచిలుకు. కొటేషన్‌లో రెండే రాశారంటే ట్యాంకు నిండా చేప పెంచే ఉద్దేశం వాళ్లకు లేదని అర్థం.

చేపపిల్ల వేయకముందే ఫిల్టర్‌ను పండించాలి, అంటే అందులో బ్యాక్టీరియాను పెంచాలి. 100 ఘనపు మీటర్లకు ముప్పావు కిలో అమ్మోనియం క్లోరైడ్ వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల నైట్రోజన్ అవుతుంది. అమ్మోనియా పడిపోయి నైట్రైట్ లేస్తుంది, తర్వాత అదీ పడిపోతుంది. మన ఎండల్లో కూడా దీనికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మధ్యలో తొందరపడి పిల్ల వదిలితే నైట్రైట్‌కు చేప రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు 25 కిలోల కల్లుప్పు వేస్తే క్లోరైడ్ లీటరుకు 150 మిల్లీగ్రాములు పెరిగి కొంత కాపాడుతుంది. పండిన ఫిల్టర్‌కు బ్లీచింగ్ గానీ యాంటీబయాటిక్ గానీ తగిలితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

బ్యాక్టీరియా అమ్మోనియాతో పాటు నీటి క్షారతనూ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్నీ) తినేస్తుంది. కిలో మేతకు పావు కిలో వంటసోడా లెక్కన రోజుకు 15 కిలోలు సిద్ధంగా ఉంచుకోవాలి. పీహెచ్ ఒక్కటే చూసి సోడా గుమ్మరించకండి. బకెట్‌లో ట్యాంకు నీళ్లు తీసుకుని అరగంట గాలి కొట్టి మళ్లీ పీహెచ్ చూడండి. బాగా పెరిగితే తప్పు క్షారతది కాదు, పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. షెడ్డు మూసేసి ఉంటే గాలి బయటికి పోయే దారి చేయాలి. పీహెచ్‌ను మరీ లేపినా ప్రమాదమే. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషపు భాగం 1 శాతం లోపే, 8 దగ్గర ఏడున్నర.

కరెంటు పోతే? ఘనపు మీటరుకు 30 కిలోల పండుగప్ప ఉంటే ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాముల నుంచి 2కు దిగడానికి అరగంట చాలు. ఫంగస్ అని పిలిచే పంగాసియస్ చేప, కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి గనుక కాస్త తట్టుకుంటాయి. ఇన్వర్టర్ మీద మొదట నీటిలోకి గాలి కొట్టే బ్లోయర్ పెట్టండి, మోటారు తర్వాత. కరెంటు లేనప్పుడు తనే తెరుచుకునే సోలినాయిడ్ వాల్వుతో ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉంటే జనరేటర్ తిప్పేదాకా కాస్త ఊపిరి దొరుకుతుంది. డీజిల్ లీటరుకు 3 యూనిట్లే ఇస్తుంది, 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గ్రిడ్ కంటే అదే అధ్వాన్నం.

సోలార్ విషయంలో చెరువు కంటే ట్యాంకుదే పైచేయి. చెరువులో ఏరియేటర్లు రాత్రి తిరగాలి, ఎండ పగలుంటుంది. ట్యాంకులో లోడు పగలూ రాత్రీ ఒకటే కాబట్టి పగటి కరెంటు బ్యాటరీ లేకుండానే ఖర్చైపోతుంది. 10 కిలోవాట్లు పెడితే రోజుకు 40 యూనిట్ల దాకా వస్తుంది.

శీలావతి, బొచ్చెలకు మాత్రం ఇదంతా వద్దు. ఆ ధరకు చెరువే మేలు.

డ్రమ్ ఫిల్టర్ నుంచి వచ్చే బురదను మురుగు బోదెలోకి వదలొద్దు, కింద ఎవరో దాన్నే తోడుకుంటారు. మంచినీటి ట్యాంకు బురదైతే ఆరబెట్టి ఊకబూడిదతో కలిపి అరటికో కొబ్బరికో వేసుకోవచ్చు. ఉప్పునీటి ట్యాంకుదైతే వరిచేను దరిదాపులకు కూడా రానివ్వకూడదు.