సజ్జకి రాడ్డు పైనెందుకు? స్ట్రక్చరల్ అనాలిసిస్ సప్లీ దాటిన నా అనుభవం

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. ఇంజనీరింగ్‌లో రెండుసార్లు పోయిన స్ట్రక్చరల్ అనాలిసిస్ (బీముల మీద బరువు పడితే ఏమవుతుందో లెక్కకట్టే సబ్జెక్టు) మూడోసారి గట్టెక్కింది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

సప్లీ ఫీజు కట్టడం పది నిమిషాల పని. హాల్ టికెట్‌లో ఫొటో తప్పు పడితే మాత్రం ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్లు రెండు రోజులు తిప్పారు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం కౌంటర్‌లో మనిషి ఉండడు.

నన్ను ముంచింది పరీక్ష కాదు, పోయిన ఏడాది ఒక క్లాసు. సారు బోర్డు మీద కాంటిలివర్ (సజ్జలా ఒక చివర మాత్రమే బిగించిన బీమ్) గీసి, బెండింగ్ మూమెంట్ డయాగ్రం, అంటే దాన్ని వంచే ప్రభావం ఎక్కడ ఎంతో చూపే బొమ్మ, వేయమని నన్ను పిలిచారు. మాకు నేర్పిన పద్ధతిలో శాగింగ్ (కిందికి కుంగేలా వంగడం) ప్లస్, గీతకి పైన. హాగింగ్ (పైకి ఉబ్బేలా వంగడం) మైనస్, గీతకి కింద. అలాగే కింద వేశాను. అది కరెక్టే. "స్టీలు ఎక్కడ వేస్తావ్?" అన్నారు. డయాగ్రం కింద ఉంది కదా అని "కింద సార్" అన్నాను.

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"మేస్త్రీ సార్."

"అయితే రేపట్నుంచి ఆయన్ని పంపించు, నువ్వు ఇంట్లో కూర్చో."

క్లాసంతా నవ్వింది. చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. తప్పు చెప్తే నన్ను తిట్టండి, పడతాను. మధ్యలో మా నాన్న ఏం చేశాడు? ఒక్కో పిల్ల వెనక ఎంత కష్టం ఉందో తెలియకపోతే పాఠం చెప్పడం మానేయాలి. ఆ రోజు నుంచి ఆ క్లాసుకి వెళ్లడం మానేశాను. ఇంపార్టెంట్ క్వశ్చన్లు, ఆల్ ఇన్ వన్ నమ్ముకుని బట్టీ పట్టాను. రెండుసార్లు పోయింది అందుకే. ఆ ఆల్ ఇన్ వన్‌లు కొనకండి. లెక్క మధ్యలో ఒక ప్లస్ మైనస్ అయినా వాటిలో పట్టించుకున్నవాళ్లు లేరు.

వేసవిలో నాన్నకి అన్నం క్యారేజీ తీసుకుని సైట్‌కి వెళ్లాను. సజ్జకి రాడ్లు కడుతున్నారు. "పైనెందుకు నాన్నా, కింద వేస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"సెంట్రింగ్ విప్పిన రోజే ఊడి పడుతుందమ్మా."

అక్కడ పడి ఉన్న స్పాంజి ముక్క తీసుకుని, దాని పక్కవైపు మీద పెన్నుతో నిలువు గీతలు గీశాను. ఒక చివర గట్టిగా పట్టుకుని రెండో చివర కిందికి వంచితే పైన గీతలు విచ్చుకున్నాయి, కింద దగ్గరికి వచ్చాయి. విచ్చుకునే వైపు కాంక్రీట్ పగులుతుంది, స్టీలు కావాల్సింది అక్కడ. డయాగ్రం పైన వేయాలా కింద వేయాలా అన్నది మనం పెట్టుకున్న గుర్తు మాత్రమే. కొన్ని పుస్తకాల్లో టెన్షన్ ఉన్న వైపే, అంటే విచ్చుకునే వైపే గీస్తారు. ఈ ఒక్క ముక్క ఆ రోజు చెప్పి ఉంటే నాకు ఏడాది మిగిలేది. కాంక్రీట్ పోసేటప్పుడు ఆ పై రాడ్లను తొక్కితే కిందికి దిగిపోతాయని నాన్న కూలీల మీద కేకలేయడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎందుకో ఆ రోజు అర్థమైంది.

ఆ తర్వాత ఏ లెక్కయినా ముందు బీమ్ ఎలా వంగుతుందో గీసి, అప్పుడే ఫార్ములా తీశాను. పరీక్షలో ప్రాప్డ్ కాంటిలివర్ (రెండో చివర కింద ప్రాప్, అంటే ఒక ఊత పెట్టిన కాంటిలివర్) వచ్చింది: పొడవు 6 మీటర్లు, బరువు మీటరుకి 20 కిలోన్యూటన్లు. ప్రాప్ తీసేస్తే చివర ఎంత దిగుతుందో, ప్రాప్ అంతే పైకి నెట్టాలి. ఆ నెట్టే బలం, అంటే రియాక్షన్, 3wL/8 (w మీటరుకి బరువు, L పొడవు), అంటే 45 కిలోన్యూటన్లు. ఫిక్స్‌డ్ ఎండ్ (బిగించిన చివర) దగ్గర హాగింగ్ మూమెంట్ 90 కిలోన్యూటన్ మీటర్లు, ప్రాప్ నుంచి 2.25 మీటర్ల దగ్గర శాగింగ్ ఎక్కువలో ఎక్కువ 50.6. ఫిక్స్‌డ్ ఎండ్ నుంచి 1.5 మీటర్ల దగ్గర వంపు తిరగబడుతుంది. అమెరికన్ ఇంజనీర్ హార్డీ క్రాస్ 1930లో అచ్చువేయించిన మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతి అయితే అసలు కష్టమే కాలేదు. పంచడం, సగం అవతలికి పంపడం, మళ్లీ పంచడం. మా బ్యాచ్‌లో దాన్ని నా అంత వేగంగా చేసేవాళ్లు ఇప్పుడు లేరు, ఈ మాట ధైర్యంగా చెప్తాను.

రాత్రి నాన్నకి ఆ బీమ్ గీసి చూపించాను. కాసేపు చూసి, "కింద రాడ్డు ఎక్కువ కావాల్సింది ఎక్కడ?" అన్నాడు. ప్రాప్ నుంచి 2.25 మీటర్ల దగ్గర వేలు పెట్టాను.

"అడుగుల్లో చెప్పు."

"ఏడున్నరకి కొంచెం తక్కువ నాన్నా."

జేబులోంచి పెన్సిల్ తీసి అక్కడ గీత పెట్టాడు.