ఏప్రిల్‌లో గుంటూరులో చలి

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాడి గొంతు బొంగురుపోతే ఎందుకని ఎవరూ అడగరు. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) మూతులు విప్పి కాయ చూపిస్తుంటే లేచే ఘాటుకి కొత్తవాళ్లు తుమ్మలేక చస్తారు, పాతకాపుల గొంతులే మారిపోతాయి. నేను ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. అందుకని గొంతు గరగరలాడితే ఘాటన్నారు. మొహం ఉబ్బితే నిద్ర చాలట్లేదన్నారు. మలబద్ధకానికి కుర్చీకి అతుక్కుపోవడమే కారణమని తేల్చారు. మా ఇంటి దగ్గరి డాక్టరు గ్యాస్‌కీ ఎలర్జీకీ మాత్రలు రాసి పంపేశాడు. ప్రతిదానికీ ఒక కారణం సిద్ధంగా ఉంది, ప్రతిదీ నమ్మేటట్టే ఉంది.

చలి ఒక్కటే దేనికీ అతకలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం, పైన రేకులు కాలిపోతుంటే నేను ఫ్యాను కట్టేయమనేవాణ్ణి. "ఏంటి బాబాయ్, ఊరంతా ఉడికిపోతుంటే నీకు చలేంటి?" అని కాటా దగ్గరి కుర్రాడు నవ్వేవాడు. దానికంటే నన్ను భయపెట్టింది లెక్క. ఇరవై ఏళ్లుగా నోటితో కూడే పద్దులకి క్యాలిక్యులేటర్ తీయడం, కొట్టిందే మళ్లీ కొట్టడం. మతిమరుపు జబ్బేమోనని లోపల్లోపల ఒకటే టెన్షన్. మా ఆవిడ ఊరుకోలేదు, కొత్తపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన నా మాట వింటూనే సగం పట్టేశారనుకుంటా. కుర్చీ మీద మోకాళ్లు ఆనించి, పాదాలు వెనక్కి వేలాడేసి కూర్చోమన్నారు. చిన్న రబ్బరు సుత్తితో మడమ పైనున్న స్నాయువు మీద తట్టారు. పాదం చటుక్కున కదిలింది. కానీ మళ్లీ మామూలు చోటికి రావడానికి దానికి తీరిక కావాల్సొచ్చింది, మెల్లగా వచ్చింది. "చూశారా అమ్మా?" అని మా ఆవిడకి చూపిస్తూ రెండో కాలూ తట్టారు. అదీ అంతే. "థైరాయిడ్ మందగిస్తే పాదం ఇలా మెల్లగా వస్తుంది. థైరాయిడ్ టెస్టు చేయిద్దాం, కొలెస్ట్రాల్ కూడా చూద్దాం" అన్నారు.

టీఎస్‌హెచ్ అనే హార్మోన్ 62 వచ్చింది. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 దాకా ఉండాలి. అంకె అంత ఎక్కువుంటే థైరాయిడ్ ఎక్కువైందనుకున్నాను, సంగతి తిరకాసు. టీఎస్‌హెచ్‌ని చేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. సరుకు దిగకపోతే షావుకారు ఫోన్ల మీద ఫోన్లు కొడతాడు చూడండి, ఆ ఫోన్లే టీఎస్‌హెచ్. సరుకేమో థైరాయిడ్ చేసే టీ4 హార్మోన్, అంటే థైరాక్సిన్. అది నాకు బాగా పడిపోయింది. టీపీఓ యాంటీబాడీలు కూడా ఎక్కువున్నాయి. అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తోంది. 1912లో దీన్ని మొదట వివరించిన జపాన్ డాక్టరు పేరు మీద హషిమోటో అంటారు. "అది ఆడవాళ్ల జబ్బు కదా?" అని యార్డులో చాలామంది అడిగారు. ఆడవాళ్లకే చాలా ఎక్కువ, నిజమే. మగవాళ్లని అసలు వదిలేస్తుందని మాత్రం కాదు.

నా వయసు యాభై దాటింది గనుక ముందు ఈసీజీ తీసి, 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్రతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. పొద్దున్నే పరగడుపున, నీళ్లతోనే. తరవాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా కాఫీ కూడా ముట్టకూడదు. లేవగానే గ్లాసు చేతిలో ఉండాల్సిన మనిషికి ఆ గంట ఎంత పొడుగో! మా ఆవిడ వేసుకునే కాల్షియం, ఐరన్ మాత్రల్లాంటివి నాకూ ఎప్పుడైనా అవసరమైతే, వాటికీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలట.

ఇక చుట్టాల వైద్యం. పెద్దమ్మ ధనియాల నీళ్లంది. బావమరిది ఫోన్‌లో చూసి థైరాయిడ్ చూర్ణం తెప్పిస్తానన్నాడు. ఇంట్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేశారు, సైంధవ లవణం వచ్చింది. డాక్టర్ ఒక్కొక్కటే తేల్చారు. ధనియాల నీళ్లు ఇష్టమైతే తాగండి, మాత్రతో కలిపి మాత్రం వద్దు. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే ఇబ్బంది లేదు. సైంధవంలో మనకి చాలినంత అయోడిన్ ఉండదు, వంటకి అయోడిన్ ఉప్పే వాడండి, అలాగని అయోడిన్ మాత్రలు మింగొద్దు, ఎక్కువైనా గ్రంథికి చెరుపే. చూర్ణం సంగతికి ఆయన తల అడ్డంగా ఊపారంతే. జుట్టు రాలుతోందని మంగలి షాపులో చెప్పిన బయోటిన్ అనే విటమిన్ మాత్ర కూడా రక్తపరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపమన్నారు, లేకపోతే అంకెలు తప్పు చూపించొచ్చట.

మాత్ర అంటే జంకేవాళ్లకి ఒకటి చెప్పాలి. అందులో ఉండేది గ్రంథి చేసే థైరాక్సినే, అదే అణువు, చేసిన చోటు వేరు. గ్రంథి దెబ్బతిన్నాక ఆ లోటుని ఏ కషాయమూ పూడ్చదు. నడక, నిద్ర, తిండి వృథా అని కాదు. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే హార్మోన్లు ఎగదోస్తాయి, నడిస్తే కండరాలు చక్కెరని వాడుకుని ఇన్సులిన్ పని తేలికవుతుంది. నేను బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియంకి వెళ్తున్నాను. అక్కడ నడిచేవాళ్లకంటే బెంచీల మీద రాజకీయం మాట్లాడేవాళ్లే ఎక్కువ, అదీ నిద్రకి మంచిదే అనుకుంటా.

ముందు కడుపు తేలికైంది. తరవాత చలి పోయింది, ఫ్యాను కింద కుర్చీ కోసం నేనే పోట్లాడుతున్నాను. నోటిలెక్క తిరిగొచ్చింది. గొంతు ఆలస్యంగా తేరుకుంది, మడమల పగుళ్లు మరీ ఆలస్యం. 280 ఉన్న కొలెస్ట్రాల్‌కి డాక్టర్ వెంటనే మందు రాయలేదు, థైరాయిడ్ దారికొస్తే అదే తగ్గుతుందన్నారు. తగ్గింది కూడా. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది గనుక, మోతాదు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించేవారు. ఇప్పుడు మోతాదు 100 మైక్రోగ్రాముల మీద నిలిచింది, ఇక ఏడాదికోసారి చూపిస్తే చాలన్నారు.

ఇది కుటుంబాల్లో నడుస్తుందని చెబితే తెనాలిలో ఉన్న మా చెల్లెలు కూడా టెస్టు చేయించుకుంది. దానికి టీఎస్‌హెచ్ 6 దగ్గరుంది, టీ4 మామూలుగానే ఉంది. ఇప్పుడే మాత్ర అక్కర్లేదు, మూడు నెలలాగి మళ్లీ చూద్దామన్నారు. నా పాత సైంధవ లవణం ప్యాకెట్ పట్టుకెళ్లబోతే మా ఆవిడ లాక్కుంది.